అగ్వాహె వనంలో రొసౌరా గారి కాలువ

1989 ఏప్రిల్ మూడవ తేదీన ఇకిటోస్ నగరంలోని మా చిత్తడి నేలల పరిశోధనా కేంద్రంలో సహాయ శాస్త్రవేత్తగా చేరిన శ్రీమతి రొసౌరా తపుయిమా గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఆకు పీల్చిన కర్బనం చెట్టవుతుందనీ, నీటిలో కూలిన చెట్టు పూర్తిగా కుళ్లక వేల ఏండ్లు నల్లమట్టిగా నిలుస్తుందనీ, నీరు తొలగితే అదంతా తిరిగి గాలిలో కలుస్తుందనీ మాకు బోధించిన విదుషీమణి వారు. ఆ పాఠం వారికెలా వంటబట్టిందో కూడా రాయాలని వారే పట్టుబట్టారు. "పొగిడితే పొగడండి గానీ, నా కాలువ సంగతి మాత్రం దాచకండి," అన్నారు.

ఉద్యోగపు తొలినాళ్లలో, శాన్ అంబ్రోసియో గ్రామం వెనుకనున్న అగ్వాహె తాటివనంలోకి కొలత పరికరాలను మోకాలి లోతు బురదలో మోసుకుపోవడం ప్రాణసంకటంగా ఉండేది. పడవ నేరుగా పోతుందని వారు ఏటి నుండి వనం నడుమకు ఒక కాలువ తవ్వించారు. పండ్ల బుట్టలు తేలికగా ఒడ్డు చేరతాయని ఊరివారూ సంబరపడ్డారు. ఏటా వరద వచ్చి నింపుతుందిలే అని అందరూ అనుకున్నారు. కానీ ప్రతి ఎండాకాలమూ వనంలోని నీరు ఆ దారినే ఏటిలోకి జారిపోయింది. నల్లమట్టి నెర్రెలిచ్చింది, చెట్లు మోడువారాయి. వనం పీల్చే కర్బనం కన్నా విడిచేదే ఎక్కువైందని ఆ పరికరాలే నిక్కచ్చిగా చెప్పాయి. ఆ కొలతల మీద రాసిన వ్యాసానికే వారికి పదోన్నతి లభించింది.

ఆ శుభవార్త మోసుకుని ఊరికి వెళితే, పండ్లు అమ్ముకునే ఎల్వితా మురయారి అనే పెద్దావిడ అగ్వాహె రసం చేతికిచ్చి నవ్వుతూనే అడిగిందట. "ఏం డాక్టరమ్మా, నీళ్లెన్నున్నాయో చూద్దామని వచ్చి, ఉన్న నీళ్లు కాస్తా సాగనంపేశావే. మా చెట్లు నీకేం చేశాయమ్మా?"

అటుపై సంచాలక పదవిని సైతం కాదని, మిగిలిన ఉద్యోగ జీవితమంతా ఆ కాలువకు కట్టలు వేయించడంలోనే గడిపారు. నీరు తిరిగి నిలిచింది. గాలిలో కలిసిన కర్బనం మాత్రం వెనక్కి రాలేదు, ఆ దుఃఖం వారిని వీడనూ లేదు. గత నెల వీడ్కోలుకు వెళ్లినప్పుడు ఎల్వితా గారు, "మళ్లీ మునుపటిలా ఎప్పటికవుతుందే తల్లీ?" అని అడిగితే, రొసౌరా గారు ఆమె చేయి పట్టుకుని కూర్చుండిపోయారు.

రొసౌరా గారు సంపూర్ణ ఆరోగ్యంతో నూరేళ్లు చల్లగా ఉండాలని మనసారా కోరుకుంటున్నాము. ఆ వనం మునుపటిలా నిండడానికి నూరేళ్లు చాలవని వారికీ తెలుసు, మాకూ తెలుసు.