మ్యూజియంల మనిషి

మళ్లా గదే మాట! గ్యాస్ పొయ్యి ఎవలకు కనబడొద్దంటే యాడ దాయాలె సునంద మేడం? మ్యూజియానికి ఆఫీసరువు, నువ్వే చెప్పు. కట్టెల పొయ్యి ముందట కూసొని ఊదుతుంటే చూసెటోళ్లకు సంబురం. పొగ నాకు కదా!

ఆ గ్యాస్ తెచ్చిందెవలనుకున్నవ్? ఆయనే. మీరంత రైటర్ పూల్‌సింగ్ అంటరు, నాకైతే సోని నాయిన. పినపాక నుంచి బండి మీద కట్టుకొని తెచ్చిండు. "జమ్లీ, ఇగ నీ కండ్లు మండయి" అన్నడు. ఆయన తెచ్చిన పొయ్యేమో పనికిరాదాయె, ఇడిచిన చెప్పులేమో అద్దాల పెట్టెల!

ఆయన పోయినంక మీరొచ్చిండ్రు. మ్యూజియం చేసి ఇల్లు నిలబెడ్తమన్నరు. నేనూ సంబురపడ్డ, అబద్ధమెందుకు? రేకులు తీసి గడ్డి కప్పిండ్రు. ఫ్యాను ఇప్పిండ్రు. నన్ను వెనుక అర్రలకు పంపిండ్రు. ఆఖరికి అద్దాలు కుట్టిన లంగా! నేను చీరలు కట్టబట్టి ఎన్నేండ్లాయె? ఆయన కథలల్ల గట్ల రాసిండట, గట్లనే అరుగు మీద కూసోవాలెనట.

మొన్న జరమొచ్చింది. నిలబడలేక మంచం మీద ఒరిగిన. అవ్, అడ్డం కట్టిన తాడు దాటిన! నా మంచమే కదా మేడం అది? కండ్లు తెరిస్తే చుట్టూ సారపాక బడిపిల్లలు. ఒక చిన్నపోరి నా చెయ్యి ముట్టి, "అమ్మమ్మా, నువ్వు నిజం మనిషివా?" అన్నది.

ఏడుపాగలే. "నాకీడ ఉండబుద్ధి అయితలేదు బిడ్డా" అన్న. గంతే. గైడు బలరాం జల్దిన నీ చెవుల ఏసిండు.

కథల రాసిండు, ఒప్పుకుంట. నా అసొంటి ఆడామె అడివి ఇడిచి పోదని. అది కథ మేడం! మేమిద్దరం టౌన్ల ఖానాపురం హవేలిల కిరాయి ఇల్లు చూసొచ్చినం. ఇంట్లనే నల్లా, గేటు దాటితే షేర్ ఆటో, పక్క గల్లీల మా చెల్లె ద్వాలి. సామాను కట్టినం. అంతల్నే ఆయన గుండె ఆగింది. ద్వాలి ఇప్పటికీ రమ్మంటది.

నిన్న పొద్దున బట్టలు మూట కట్టుకొని బయలెల్లిన. గేటు కాడ టికెట్లు చింపే నా బిడ్డ సోని అడ్డమొచ్చింది. "అమ్మా, నువ్వు పోతే నా నౌకరి ఉంటదా?" అని ఏడ్చింది. దాని మొగుడు మంచాన పడ్డడు. ఇద్దరు పిల్లలు. ఏం చెయ్యమంటవ్? మూట పట్టుకొని వెనక్కొచ్చిన.

ఏందీ, నేనుండుడుకు దాని నౌకరికి సంబంధం లేదా? అయితే ఆ మాట దాని ముందట చెప్పు. పిలవాల్నా?

ఆ ఫోన్ ఎందుకు తీస్తున్నవ్?

ఓహో, రికార్డింగా! వచ్చినోళ్లకు నా గొంతు వినిపిస్తరా? ఏమనాలెనో చెప్పు.

సరే, ఒత్తు.

"నేను పూల్‌సింగ్ భార్యను, జమ్లిని. ఈ ఇల్లంటే నాకు పాణం. యాడికీ పోను."

సాలా?

నవ్వుకుంట చెప్పాల్నా? చెప్త తియ్యి. మళ్లొత్తు.