బోసి చెవులతో బడికి

కదలద్దంటే యాల కదులుతావు గ్లోరీ? మర తిరగడంలేదు. కుప్పంలో మీ అవ్వ ఈ కమ్మలు పెట్టించినప్పుడు ఆ కంసాలి ఎంత గట్టిగా బిగించినాడో ఏమో! నొప్పా? నొప్పి అంటే ఏమిటో విజయమ్మ కూతుర్ని అడుగు. క్రిస్మస్ సెలవులు ముగిసి హాస్టలుకు పోతా ఉంటే, మదనపల్లెలో బస్సు దిగే తోపులాటలో ఎవడో కమ్మ పట్టి లాగినాడు. చెవి తమ్మె రెండుగా చీలింది. డాక్టరమ్మ కుట్టు వేసింది, సరే. ఆ గీత పోయిందా?

ఊఁ, వచ్చేసింది. ఆ చెవి ఇట్లా తిప్పు.

బోసి చెవులతో పోతే పిల్లలు నవ్వుతారా? నవ్వనీ. ఇదిగో, వేపపుల్ల ముక్కలు గీరి పెట్టినాను. ఇవి పెట్టుకుంటే కన్నాలు పూడవు. ఏ దొంగా వేపపుల్లకు ఆశపడడు.

బడి తెరుస్తారంటే మీకంటే ముందు ఆ దొంగలకు తెలుస్తుంది తల్లీ. ఇండ్లనుంచి వచ్చే పిల్లల దగ్గర కొత్త గుడ్డలుంటాయి, తినేవి ఉంటాయి, ఒంటిమీద ఏ అవ్వో ముద్దుకు పెట్టిన నగ ఒకటి ఉంటుంది. గట్టిగా అరిచి పట్టుకునే బలం మాత్రం ఉండదు. ఇంతకంటే సుళువుగా ఎవరు దొరుకుతారు?

కాళ్ళు చాపు. గొలుసులు కూడా తియ్యాల. వెండివే, తెలుసు. వెండి అయితే దొంగకు చేదా?

అదిగో, ఆదెమ్మ గోడమీదుగా తొంగి చూస్తాండాది. పొద్దున లేస్తే పక్కింటి సంగతే ఆమెకు కాఫీ. విన్నావా ఏమంటాండాదో? ‘ఏం పంతులమ్మా, బిడ్డను బడికి పంపిస్తాండావా, సన్నాసుల్లో కలుపుతాండావా? సూడు, పసిబిడ్డ మొగం ఎట్లయిపోయిందో!’ అంట. నీకు నవ్వు వస్తాండాదా? నవ్వు, నవ్వు. ఆమెకేం, అందరూ కొడుకులే. వాళ్ళను దోచుకునేందుకు దొంగ వస్తే, వాడే తన చొక్కా పోగొట్టుకొని ఇంటికి పోతాడు.

ఆ పావడ విప్పు. కొత్తది వద్దు. కంట్రోలు అంగటి ముందర ఎండలో నిలబడి తెచ్చిన గుడ్డ అది. కుట్టించినదీ నేనే, వద్దంటాండేదీ నేనే. ఏం చేసేది? యుద్ధం మొదలైనప్పటినుంచి మంచి గుడ్డ కంటబడితే చాలు, మనుషుల చూపు మారిపోతాండాది. ఆ నీలం పావడ కట్టుకో. మోకాలి దగ్గర అతుకు ఉండాది కదా, అది ముందుకు రానీ. కనబడితేనే మేలు.

రేకుపెట్టె యాల బయటికి లాగినావు? లోపల పెట్టు. పెట్టె బస్సుపైన వేస్తారు. ఆ బొగ్గు బస్సు సంగతి నీకు తెలియనిదా? పెట్రోలంతా మిలిటరీకి పోతాండాది, మనకు మిగిలింది బొగ్గూ పొగా. పుంగనూరు దాటి మిట్ట ఎక్కేటప్పుడు ఉసూరుమని నిలిచిపోతుంది. మొగవాళ్ళంతా దిగి తోస్తారు. మీ పిల్లలకు అదొక ఆట, మీరూ దిగుతారు. అందరి చేతులూ బస్సు వెనకాల ఉంటే, బస్సుపైన ఎవరి చేతులు ఉండాయో చూసేదెవరు? రెడ్డెప్ప కొడుకు పెట్టె అట్లనే కదా పోయింది! మదనపల్లెలో దిగి పైకి చూస్తే కట్టిన తాడు ఉండాది, పెట్టె లేదు. కండక్టరు మునెప్ప మంచివాడే, కాదనను. ఒక్కడు ఎంతమందిని చూస్తాడు?

ఈ మూట చాలు. ఒళ్ళో పెట్టుకో. నిప్పట్ల డబ్బా కూడా వద్దు. అట్లా మూతి ముడవద్దు. సరే, గుడ్డలో కట్టిస్తాను, దారిలో ఆకలేస్తే తిను. పక్కవాళ్ళకు చూపించి తినద్దు.

ఎవరైనా వచ్చి, ‘నేను మీ నాయనకు చెల్లెలి వరుస, మూట ఇట్లియ్యమ్మా’ అంటే ఇవ్వద్దు. నాయన పేరు చెప్పినా ఇవ్వద్దు. జేమ్స్ కాంపౌండరు పేరు ఈ చుట్టుపక్కల ఎవరికి తెలియదు? ఆయన చేతి మందు తాగనివాళ్ళు ఎవరు? నువ్వు ఆయన కూతురివని మాత్రం ఎవరికీ చెప్పద్దు. అబద్ధమా? అబద్ధం ఆడమని నేను చెప్పలేదు, నోరు మూసుకొని ఉండమన్నాను. ఆదివారం బడిలో నీకు పది ఆజ్ఞలు నేర్పినదే నేను. వాటిని నాకే అప్పజెప్పద్దు.

నాయన కూడా ఈ బస్సే ఎక్కినాడు.

గుర్తుండాదా నీకు? ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రికి పోయి చూపించుకుంటాను, దగ్గు తగ్గినాక మామిడికాయల కాలానికి ఇంట్లో ఉంటాను అన్నాడు. కిటికీలోనుంచి చెయ్యి ఊపినాడు. బస్సు మలుపు తిరిగింది. మామిడికాయలు వచ్చినాయి, పోయినాయి. ఆయన దగ్గర దోచుకునేందుకు ఏముండె? ఒక దుప్పటి, ఒక చెంబు. అయినా...

ఏమీ లేదు. కంట్లో నలుసు పడింది. నువ్వు నిలబడు. వెనక్కి తిరుగు.

చెవుల్లో వేపపుల్లలు, అతుకుల పావడ, గుడ్డమూట. ఇంక నీ దగ్గర ఎవరైనా ఏం తీసుకుపోతారు? ఏమీ లేదు. ఇంక నాకు భయం ఉండకూడదు కదా?

ఉండకూడదు.

ఈడ కూర్చో, జడ మళ్ళీ వేస్తాను. వదులుగా ఉండాది. బాగానే ఉండాదా? నాకు వదులుగా కనిపిస్తాండాది మరి! కూర్చోమంటే కూర్చోవే.

హారనా? అవును, బస్సే. మూట ఎత్తద్దు. దించు. పరుగెత్తద్దు గ్లోరీ! మన సందు దగ్గర అది నిలవదు.

నిలవదంటాండాను కదా. నిలపద్దని నేనే చెప్పి వచ్చినాను.

పొద్దున నువ్వు లేవకముందు బస్టాండుకు పోయినాను. నిన్ను భద్రంగా చేర్చమని అడిగేందుకే పోయినాను, దేవుడు సాక్షి. నేను నోరు తెరవకముందే మునెప్ప అందుకున్నాడు. ‘పంతులమ్మా, మీ పాపను నా పక్కనే కూసోబెట్టుకుంటా. మిట్టకాడ బస్సు నిలిచినా దిగనీను. హాస్టలుదాకా నేనే పోయి దొరసానమ్మ చేతికి అప్పజెప్పొస్తా. ఇంకేం కావల్ల నీకు?’ అన్నాడు.

నేను అడగాలనుకున్నవన్నీ ఆయనే ఇచ్చేసినాడు. భయపడేందుకు నాకొక సాకు కూడా మిగల్చలేదు. అప్పుడు వచ్చింది నా నోట్లోనుంచి, ‘పాపకు జ్వరం, ఈరోజు రాదు’ అని.

‘జరమా? నిన్న సాయంత్రం బాయికాడ తొక్కుడుబిళ్ళ ఆడతా ఉండె గదమ్మా!’ అన్నాడు.

‘ఆడినందుకే వచ్చింది’ అన్నాను. పాపం, నమ్మినాడు. మిరియాల కషాయం ఎట్లా కాచేదో కూడా చెప్పి పంపించినాడు.

మరి కమ్మలు యాల తీసినావు అంటావా? పావడ యాల మార్పించినావు అంటావా? చెప్పేందుకు నోరు రాలేదు తల్లీ. నోరు రానప్పుడు చేతులకు ఏదో ఒక పని కావాల. ఒక్కొక్కటే తీస్తా ఉంటే, అన్నీ తీసినాక ధైర్యం వస్తుందేమో, నీ చెయ్యి పట్టుకొని బస్సుకు అడ్డం పరుగెత్తుతానేమో అనుకున్నాను. నువ్వే చూసినావు కదా. జడ పట్టుకొని కూర్చున్నాను.

ఏడువు. అరువు. ఆదెమ్మకు వినబడితే వినబడనీ. అట్లా నా మొగం చూడద్దు.

రేపు మళ్ళీ బస్సు ఉండాది. మునెప్పే వస్తాడు, తన పక్కన చోటు పెడతాడు. పంపిస్తావా అని మాత్రం నన్ను అడగద్దు.

నీ జ్వరం రేపటికి తగ్గుతుందో లేదో, నాకేం తెలుసు?