పటంలో చెరిపేసిన సందు

హలో… ఆ, నేనేరా, అక్కని. ఫోన్ ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాను. చేస్తావని తెలుసు.

…కాస్త ఊపిరి పీల్చుకుని చెప్పు… ఎర్ర రంగుతో గుర్తేశారా… ఎక్కడ, కారు షెడ్డు గోడ మీదా… ఊఁ… సగమే కూలగొడతారటా, మొత్తమా… మొత్తమా. మంచిది.

…మంచిదే అన్నాను. సరిగ్గానే విన్నావు.

…పక్కింటాయన కాదు. పాపం, ఆయన జోలికి పోకు. మున్సిపల్ ఆఫీసులో అర్జీ పెట్టింది నేను. టేపు పట్టుకుని వచ్చిన ఇంజనీరుకి పటం గీసిచ్చింది కూడా నేనే.

…నవ్వకు. పటమే. మన సందు, నీ షెడ్డు, మా ఇల్లు, అన్నీ కొలతలతో సహా.

…ఎక్కడ నేర్చుకున్నానా? లైబ్రరీ మేడ మీద కంప్యూటర్ల గది ఉంది చూడు, అక్కడ. మీ బావ పోయాక గోడకేసి చూస్తూ కూర్చుంటున్నానని నీ మేనకోడలు లాక్కెళ్ళి చేర్పించింది. డిజిటల్ పటాల క్లాసు అంది. ఏదో ఒకటిలే, ఇల్లు కదిలితే చాలనుకున్నాను…

ఉండు, చెప్పనీ. నీ గోడ ఈ పూటే పడిపోదు.

మా మేడమ్ మన పిల్ల కన్నా చిన్నది. పటమంటే ఒక్క బొమ్మ కాదు, పొరలు అని చెప్పింది. ఇళ్ళు ఒక పొర, రోడ్లు ఒక పొర, మురుగుకాలవలు ఇంకో పొర. ట్రేసింగ్ కాగితాలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు. బోరింగు అయితే చుక్క, రోడ్డయితే గీత, ఇల్లయితే చుట్టూ మూసేసిన గీత. లోకమంతా వాటిలోనే ఇమిడిపోతుందట… నాకా? మొదట్లో మౌస్ నా మాట వినేది కాదు. నేను గీసిన రోడ్డు తాగినవాడి నడకలా ఉండేది. ఓసారి అక్షాంశం చోట రేఖాంశం కొట్టాను, మన వీధి వీధంతా వెళ్ళి సముద్రంలో పడింది. క్లాసంతా నవ్వారు. నేనూ నవ్వాను. మీ బావ పోయాక నవ్వడం అదే మొదలు…

వస్తున్నా, అక్కడికే వస్తున్నా.

జనమే గీసుకునే పటం ఒకటుంది ఇంటర్నెట్లో. ఎవరైనా గీయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు. ఇక్కడి అంబులెన్సు డ్రైవర్లు ఫోన్లలో చూసుకునేది దాన్నే. అందులో ఎవరి వీధి వాళ్ళు సరిచూసుకోండి అంది మేడమ్… నీకు తెలుసు కదా, ఆ పటం?

…తెలీదా. సరే.

నేను చూస్తే మన సందు లేదు. మెయిన్ రోడ్డు మీద నీ ఇంటి పక్కన మొదలై తిన్నగా మా గుమ్మం దాకా వచ్చే సందు. మనం పుట్టక ముందు నుంచీ ఉన్న సందు. అటూ ఇటూ ఇళ్ళున్నాయి, మధ్యలో తెల్లగా ఖాళీ. మేడమ్‌ని పిలిచాను. గీత చెరిపినా దాని చరిత్ర చెరగదండీ అంది. ఎవరు గీశారు, ఎవరు తీసేశారు, అన్నీ దాస్తుందట. ఎక్కడ నొక్కాలో చూపించింది. నొక్కాను.

తీసేసినవాడి పేరు తూనీగ.

…

అది నీ పేరే కదరా.

…ఆ పేరు పెట్టుకున్నవాళ్ళు ఇంకెవరైనా ఉంటారా. మన సందు మీద కన్నేసిన తూనీగలు ఇంకెన్ని ఉంటాయిరా. చేతులు బార్లా చాపుకుని ఇల్లంతా పరిగెత్తేవాడివని నేను పెట్టిన పేరది. కారణం కూడా రాశావు కదా, ఇక్కడ దారి లేదు, సొంత స్థలం అని.

…ఊఁ… ఊఁ… డెలివరీ బైకులు హారన్లు కొడుతున్నాయనా… కారుకి గీతలు పడుతున్నాయనా… సెలవు రోజు మధ్యాహ్నం కునుకు పట్టట్లేదనా. అంతేనా. ఇంకేం లేదా.

…తెలుసురా. మీ బావని చంపాలని చేశావని నేననలేదు. పగతో చేసుంటే పగవాడనుకుని ఊరుకునేదాన్నేమో. కునుకు కోసం చేశావు. అది మింగుడు పడట్లేదు నాకు.

ఆ రోజు నేను ఆయన గుండె మీద చేతులు పెట్టి నొక్కుతూనే ఉన్నాను. అంబులెన్సు మార్కెట్టంతా చుట్టి వచ్చేసరికి నా చేతుల కింద ఏమీ కదలడం లేదు. దారి లేదమ్మా, చూడండి అని డ్రైవరు ఫోన్ చూపిస్తుంటే అతని కాలరు పట్టుకున్నది నువ్వు. కంప్లయింటు రాసిచ్చి అతని ఉద్యోగం తీయించింది నువ్వు. నీ వెనకే నిలబడి, తోడబుట్టినవాడంటే వీడురా అనుకున్నాను నేను.

నీకు కారు నడపడం నేర్పింది ఎవరు? ఆ సందులోనే కదా, పక్కన కూర్చుని, బ్రేకు బ్రేకు అని అరుస్తూ…

ఏడవకు. అప్పుడూ అందరికన్నా ఎక్కువ నువ్వే ఏడ్చావు. ఏడ్చి, బండ్లు రావడం మానేశాయి కదాని ఆయన సంవత్సరీకం కాకముందే షెడ్డుని సందులోకి జరిపావు.

…వచ్చి అడగాల్సిందా? అడిగితే ఏం చేసేవాడివి? కాళ్ళ మీద పడేవాడివి. నేను లేపేదాన్ని. అక్కడితో అయిపోయేది. అలా అయిపోకూడదనుకున్నాను.

అందుకే నోరు మూసుకుని నేర్చుకున్నాను. ఉపగ్రహం తీసిన పాత ఫొటోలు, కొత్త ఫొటోలు తెరిచాను. వాటర్ ట్యాంకు, స్కూలు మూల, మన మలుపు, ఇలా కదలని గుర్తులు పట్టుకుని ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టాను. కుదిరేది కాదు. జరిగిపోయేది. మళ్ళీ పెట్టేదాన్ని. పాతదాంట్లో సందు ఎంత వెడల్పో కొలిచి, కొత్తదాంట్లో నువ్వు ఎంత మింగావో కొలిచాను. నీ షెడ్డు చుట్టూ గీత గీస్తుంటే ఎంత హాయిగా ఉందో తెలుసా. సిగ్గు లేకుండా చెప్తున్నాను. పండు ఒలుచుకుని తిన్నట్టుంది.

…తీసుకోను. అర్జీ వెనక్కి తీసుకోను. ఆ డ్రైవరు ఇంటికి కూడా వెళ్ళాను. నువ్వు చెరిపిన సంగతి ఉన్న పేజీ ప్రింటు తీసి అతని చేతిలో పెట్టాను. ఇది మా తమ్ముడేనని నోటితో చెప్పాను. ఇక అతనేం చేసుకుంటాడో అతనిష్టం.

…శాపనార్థాలేం పెట్టట్లేదు. చేసుకున్నవాడికి చేసుకున్నంత, అంతే.

…ఏంటీ… అమ్మకి చెప్పొద్దా… ఆవిడ గుండె తట్టుకోదా. గుండె సంగతి ఇప్పుడు గుర్తొచ్చిందా నీకు.

అమ్మ ఇక్కడే ఉందిరా. నువ్వు ఆఫీసుకి వెళ్ళగానే మీ ఇంట్లోంచి నేనే రమ్మన్నాను. కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి అంతా చూపించాను. నువ్వు ఫోన్ చేసినప్పటి నుంచీ స్పీకర్లోనే ఉంది.

…

పిలవకు. వింటూనే ఉంది… అమ్మా, మాట్లాడతావా… వద్దట. చెయ్యి అడ్డం ఊపుతోంది.

ఉండు, ఏదో అంటోంది… ఏంటమ్మా… ఊఁ… సరే, అడుగుతాను.

విన్నావా?… వినపడకపోతే నేను చెప్తాను. అంబులెన్సు మార్కెట్టు వైపు తిరగక ముందు నీ గేటు ముందు నుంచే వెళ్ళింది కదా అంటోంది. మీ బావకి ఇలా ఉందని నీ మేనకోడలు నీకు అప్పటికే ఫోన్ చేసి చెప్పింది కదా అంటోంది. ఇంట్లోనే ఉన్నావు కదా, ఆ సైరను కూత విన్నావా అని అడుగుతోంది. వింటే, గేటు దాకా వచ్చి ఇటు అని ఒక్కసారి చెయ్యి చూపించలేదేం అని.

…

చెప్పు. అడుగుతున్నది నేను కాదు, అమ్మ.

…

ఫోన్ వైపే చూస్తోంది. చెప్పరా.

…

హలో… హలో…

పెట్టేశాడమ్మా.