భుజమ్మీది చెయ్యి

కుటుంబమంతా ఫొటో కోసం సర్దుకుంటుండగా, ఆ ఇంటి పెద్దావిడ ఫొటోగ్రాఫర్ అమ్మాయిని పక్కకి పిలిచింది.

"అమ్మాయ్, ఆ కళ్ళజోడావిడని చివర్లో నిలబెట్టు."

"ఆవిడ మీ తమ్ముడిగారి భార్య కాదాండీ?"

"భార్యా పాడా! ఆ పిల్లల తల్లి, మా మరదలు, పోయాక వచ్చి చేరింది. పదకొండేళ్ళయినా పెళ్ళీ లేదు, పెటాకులూ లేవు."

"పిల్లలిద్దరూ ఆవిడ్నే అంటిపెట్టుకున్నారే?"

"చిన్నదానికి నడక నేర్పింది ఆవిడేలే, కాదనను. కానీ రేపు సంబంధాలవాళ్ళకి ఈ ఫొటోయేగా చూపించాలి? చివర్లో ఉంటే కత్తిరించెయ్యొచ్చు."

ఫొటోగ్రాఫర్ కెమెరా కిందికి దించింది.

"ఈ సంగతి ఆవిడకి తెలుసా?"

"తెలియకేం? కిందటిసారి తనే వెళ్ళి చివర నిలబడింది. కత్తిరించాం గానీ, చిన్నదాని భుజమ్మీద చెయ్యి మాత్రం మిగిలిపోయింది. చూస్తే అసహ్యంగా ఉంది."

"అవునండీ, చాలా అసహ్యంగా ఉంది. ఈసారి అలా జరగనివ్వను."

ఫొటోగ్రాఫర్ వెళ్ళి కళ్ళజోడావిడని పిల్లలిద్దరి మధ్యా కూర్చోబెట్టింది.

"ఇదేమిటే! మరి చివర్లో ఎవరు?"

"మీరేనండీ. చెయ్యి మాత్రం ఎవరిమీదా వెయ్యకండి."