పది భాషల గుడారం

సభకు అధ్యక్షులు, రక్షణశాఖ మాజీ కార్యదర్శి మోరియా గావుది గారికి, నా తర్వాత కమాండరుగా వచ్చిన కల్నల్ టోలిమన్‌కి, పెద్దలకు, వెనక నిలబడ్డ నా సిపాయిలకు నమస్కారం.

గావుది గారు ఇప్పుడే నన్ను పాపువా న్యూ గినీ సైన్యానికి పునాదిరాయి అన్నారు. ఇన్నేళ్లూ ఫైళ్లలో నన్ను మొండిరాయి అని రాసిన చేత్తోనే ఈ దండా వేశారు. (నవ్వులు) నవ్వండి, నా పింఛను కాగితాల మీద సంతకం అయిపోయింది.

మన జెండా ఎగిరిన మూడో ఏట, కొండసీమలో ఒక లోయలోని ఆయుధాగారానికి ఆ లోయవాళ్లనే కాపలా పెట్టమని గావుది గారు ఆదేశిస్తే, సరేనని పెట్టాను. ఆ తప్పులో నా వాటా నాదే. ఆరు వారాలకు తనిఖీకి వెళితే పదకొండు తుపాకులు లేవు. సార్జెంట్ కెరెంగా, దాక్కోకు, చెప్పేది నీ గురించే.

"ఏవయ్యా తుపాకులు?" అన్నాను.

"మా మేనమామలు పట్టుకెళ్లారు సార్. పక్క లోయవాళ్లతో పోట్లాటుంది."

"ఇచ్చేశావా?"

"అమ్మ తోడబుట్టినవాడు అడిగితే లేదంటానా సార్? అయిపోగానే తెచ్చిస్తారు."

తెచ్చిచ్చారు కూడా, పంది కొవ్వు రాసి నిగనిగలాడించి మరీ. (నవ్వులు) ఈలోగా నలుగురు చచ్చిపోయారు.

విచారణలో గావుది గారు ఆ ఆదేశం సంగతే తెలియదన్నారు. నా పదోన్నతి ఆరేళ్లు ఆగింది. మంచినీళ్లు తాగండి సార్.

లోయకో భాష ఉన్న దేశం మనది గనక, ఆ తర్వాతే పదిమంది గుడారంలో పది భాషలవాళ్లను పడుకోబెట్టాను. ఒకడి మేనమామ వస్తే తక్కిన తొమ్మిదిమంది వాకిలికి అడ్డం నిలబడతారని. 'ఇది సైన్యమా, సంతా?' అని వెక్కిరించారు. కొత్త దేశాల చరిత్రలు దొరికినన్ని చదివాను; బయటి శత్రువు వచ్చేలోపే వాటిని కూల్చినవి ఒకే ఊరి, ఒకే తెగ పటాలాలే.

పోయిన నెల, ఏ లోయ సిపాయిలను ఆ లోయలోనే కాపలా ఉంచాలని మళ్లీ ఫైలు కదిలింది. సలహా ఎవరిదో చెప్పను, దండ బరువుగా ఉంది. నేను గేటు దాటగానే సంతకమవుతుందని నెలరోజులుగా నాకు నిద్ర లేదు. ఇందాక టీ దగ్గర టోలిమన్ పక్కకు పిలిచాడు.

"ఆ ఫైలు తిప్పి పంపేశాను సార్."

"ఎవరి మీద పెట్టి పంపావు?"

"ఎవరి మీదా పెట్టలేదు. ఒప్పుకోనని రాసి, కింద నా పేరు రాశాను."

ఈ ఊళ్లో ఇన్నేళ్ల కొలువులో అలాంటి వాక్యం వినడం ఇదే మొదటిసారి. గుండె తేలికపడింది. ఇంటికెళ్లి పట్టపగలే పడుకుంటాను, ఎవరూ లేపకండి. ఓపిగ్గా విన్నందుకు మీ అందరికీ, ఓపిక లేకపోయినా కూర్చున్నందుకు గావుది గారికీ కృతజ్ఞతలు. సెలవు.