డిగ్రీలక్క థర్మామీటరు

ఏమన్నావ్? మళ్ళీ అను. అది కాదు, ఆ ముందు మాట. మీ ట్రైనింగులో ఏం చెప్పారన్నావ్? "చదవడం రాని మనిషి చేతికి థర్మామీటరిస్తే ఇలాగే ప్రాణాల మీదకొస్తుంది" అన్నారా? చొక్కాల ఫ్యాక్టరీ అని కూడా చెప్పారా! ఆవిడ పేరు చెప్పలేదా? పేరెవరికి గుర్తుంటుందిలే, మేమే పేరు పెట్టి పిలిచేవాళ్ళం కాదు. డిగ్రీలక్క, అంతే. కొత్తగా పనిలో చేరిన పిల్లలు ఏదో పెద్ద చదువు చదివిన మనిషనుకుని లేచి నిలబడేవాళ్ళు. "కూర్చోండే, నా డిగ్రీలన్నీ గోడ మీదే ఉన్నాయి" అనేది. ఏడో క్లాసు దాటలేదు తల్లీ ఆవిడ. ఇలా వచ్చి కూర్చో. రేపటినుంచి నువ్వు షెడ్ల వెంట తిరిగి వేడి కొలిచే ఉద్యోగం చేస్తావు గనక చెప్తున్నా, లేకపోతే ఈ ఊసు నా నోట్లోంచి వచ్చేది కాదు. మీ అమ్మక్కూడా తెలీదు. మీ తాతయ్యకి తెలుసేమో, ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఆయన పోయాడు, ఇంకేముంది.

ఆ ఫ్యాక్టరీ మూడంతస్తులు. కింద గుడ్డల గోడౌను, రాతి నేల, ఎప్పుడూ చల్లగా ఉండేది. మధ్యలో కుట్టు మిషన్లు. పైన రేకుల కింద మేం, ఇస్త్రీవాళ్ళం, నలభై మంది ఆడవాళ్ళం. కింద నిప్పు, మీద నిప్పు. "ఇస్త్రీని తెచ్చి రేకుల కింద పెట్టినవాడి బుర్రకి ఒక్కసారి ఇస్త్రీ చేయాలే" అనేది అక్క, మేం నవ్వేవాళ్ళం. పొద్దున తొమ్మిదింటికి నవ్వేవాళ్ళం. పదకొండయ్యేసరికి పైన రేకులు టక్కు టక్కుమని సాగడం మొదలయ్యేది చూడు, ఇంక ఎవరికీ మాటుండేది కాదు. ఎవరో పైన నడుస్తున్నట్టుండేది. తల మీద తడిగుడ్డ వేసుకుంటే రెండు చొక్కాలు మడిచేలోపు ఎండిపోయేది. ఆ ఎండిన గుడ్డని తల మీంచి తీయడానిక్కూడా చెయ్యి లేచేది కాదు. ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం, ఇవాళ ఎవరు పడతారా అని. నిజం తల్లీ, అలాగే చూసుకునేవాళ్ళం. నేను కాకపోతే చాలు అనుకునేదాన్ని. అది తప్పంటావా? నాకప్పుడు ఇరవై రెండేళ్ళు, ఇంటి దగ్గర పాలు తాగే పిల్ల, మీ అమ్మ.

అంతకుముందు ఎండాకాలం ఊళ్ళో చాలామంది పోయారు. ఎంతమందో ఎవరూ సరిగ్గా చెప్పలేదు. ఆసుపత్రిలో ఐసు అయిపోయి చేపల మార్కెట్టునుంచి తెప్పించారని మాత్రం తెలుసు. దాని తర్వాత గవర్నమెంటు కదిలింది. ఎండ నలభై రెండు దాటితే పన్నెండునుంచి నాలుగుదాకా పని ఆపాలి, కూలి కోయకూడదు అని ఆర్డరు. మేం ఎంత సంబరపడ్డామో! తీరా చూస్తే ఆ నలభై రెండు కొలిచేది ఎక్కడ? పురపాలక ఆఫీసు తోటలో. తెల్లరంగు వేసిన చెక్క డబ్బా, చుట్టూ పచ్చగడ్డి, రెండుపూటలా నీళ్ళు కొట్టే గడ్డి, పైన చెట్టు నీడ. ఆ డబ్బాలో థర్మామీటరు. దాన్ని చూసి రోజూ పదకొండున్నరకి మా గేటు దగ్గరికి ఫోన్ చేసేవాళ్ళు. వాచ్‌మన్ కిందనుంచి అరిచేవాడు, "నలభై ఒకటి పాయింటు ఎనిమిదీ!" అని. మర్నాడు పాయింటు ఆరు. ఆ మర్నాడు పాయింటు తొమ్మిది. ఆ ఎండాకాలమంతా ఆ పాయింటు దగ్గరే ఆగిపోయింది తల్లీ. గడప దాకా వచ్చిన చుట్టం లోపలికి రానన్నట్టు.

అప్పుడు తెచ్చింది అక్క ఆ థర్మామీటరు. కోడిగుడ్లు పొదిగించే చోట వాడేదట, చెక్కపలక మీద గాజుగొట్టం, ఎర్రగీత. ఆవిడ ఇస్త్రీలోకి రాకముందు పదేళ్ళు ఆసుపత్రిలో టీకాల గదిలో చేసింది. టీకాలుండే ఫ్రిజ్జుని పొద్దునోసారి, సాయంత్రమోసారి చూసి, ఎంతుందో కాగితం మీద రాసి సంతకం పెట్టడం ఆవిడ పని. "ఒక్కరోజు కూడా తప్పు రాయలేదే. నేను తప్పు రాస్తే ఎవరి బిడ్డకో మందు పనిచేయదు" అనేది. అలాంటి మనిషికి చదవడం రాదట! సరే, విను. హాలు మధ్యలో స్తంభానికి మేకు కొట్టి తగిలించింది, సరిగ్గా మా తలల ఎత్తున. పదింటికోసారి, పన్నెండింటికోసారి, మూడింటికోసారి చూసి, గుడ్డల మీద గీతలు గీసే సుద్దతో గోడ మీద రాసేది. మొదటిరోజు మూడింటికి నలభై ఆరు. కింద వాచ్‌మన్ నలభై ఒకటి పాయింటు ఏడన్నాడు. అంతకుముందు వేడంటే వేడి, అంతే. ఇప్పుడు దానికో అంకె వచ్చింది. అంకె వచ్చాక భయానికి చోటు దొరికింది.

మేనేజరు వచ్చి తుడిపించాడు. ఆయన ఏ ఎండకా గొడుగు పట్టే మనిషి, గట్టిగా అరవడు. "ఏమ్మా, ఈ అంకెలు లేనప్పుడు ఎవరైనా పడిపోయారా? ఇవి చూసి ఆడవాళ్ళు బెదిరిపోతున్నారు" అన్నాడు. అక్క "పడిపోయారండీ, మీకు చెప్పలేదు, చెబితే మర్నాడు రావద్దంటారని" అంది. ఆయన వెళ్ళగానే మళ్ళీ రాసింది. నిజం చెప్పాలంటే మాలోనే కొందరికి ఆ అంకె అంటే కంపరం. పని పోతే? ఫ్యాక్టరీ ఇంకో ఊరికి తీసుకుపోతే? ముందు నుయ్యి, వెనక గొయ్యి మా బతుకు. "ఎందుకక్కా, తెలిసి ఏం చేస్తాం" అన్నాను నేనే ఓసారి. నావంక అదోలా చూసింది. సుద్ద తీసుకుని మళ్ళీ గోడ దగ్గరికెళ్ళింది.

పురపాలక ఆఫీసుకి కూడా వెళ్ళింది, నన్ను తోడు తీసుకుని. అక్కడి ఆఫీసరు చెడ్డవాడు కాదు, కుర్చీ వేయించాడు. "అమ్మా, నీడలో కొలవాలి, అది పద్ధతి. మీరు ఇస్త్రీ ఆవిరి తగిలే చోట కొలిస్తే చెల్లదు" అన్నాడు. అక్క ఆయన వెనకే తోటలోకి వెళ్ళి, ఆ డబ్బా తలుపు తీయించి చూసి, "అయితే సార్, మమ్మల్ని కూడా ఈ డబ్బాలో పెట్టి పని చేయించండి" అంది. ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. పాపం, ఆయనకీ భయమే. డబ్బా అంకె మార్చితే ఊరంతా పని ఆగుతుంది, పైవాళ్ళు ఊరుకుంటారా? గురువారం మూడింటికి నేనే వచ్చి కొలుస్తానన్నాడు. గురువారం వచ్చాడు, పొద్దున తొమ్మిదింటికి. పక్కన మేనేజరు. నేలంతా నీళ్ళు చల్లి ఉంది, ఇస్త్రీపెట్టెలు ఇంకా వేడెక్కనే లేదు. ముప్ఫై ఏడు. రాసుకున్నాడు, అక్క మొహం చూడకుండా వెళ్ళిపోయాడు.

ఆవిడ ఏడవలేదు. మధ్యాహ్నం అన్నం దగ్గర అందర్నీ కూర్చోబెట్టి, "వాళ్ళు చూడరు. మనమే చూసుకుందాం" అంది. నలభై ఐదు తాకితే పెట్టెలు ఆపేసి, అందరం కలిసి కింద గోడౌన్లోకి దిగిపోవాలి. నాలుగింటికి ఎక్కి, మిగిలిన పని చీకటి పడేలోపు చేసివ్వాలి. ఒక్కరు కాదు, అందరూ. మొదటిసారి "నలభై ఐదూ!" అని అరిచినప్పుడు పదకొండు మందే లేచారు. నేను లేవలేదు. మెట్ల మీద వాళ్ళ అడుగులు వినిపిస్తుంటే తల వంచుకుని కాలర్లు ఇస్త్రీ చేస్తున్నా. రెండోసారి ఇరవై మూడు మంది. అప్పుడు దిగాను. ఆ రాతి నేల మీద పడుకున్నా చెవులన్నీ మెట్ల మీదే. మేనేజరు దిగొస్తాడేమోనని. ఎవరూ రాలేదు. మూడోసారి నలభై మందిమీ దిగాం.

ఆ మర్నాడే మేనేజరు నన్ను పిలిచాడు. మీ తాతయ్య అక్కడే మూటలెత్తేవాడు కదా. "ఇద్దరూ ఇక్కడే, ఇంట్లో పసిపిల్ల. ఇద్దరికీ ఒకేసారి పని పోతే కష్టం కదమ్మా" అన్నాడు. చాలా మెల్లగా అన్నాడు, మన మంచి కోరే పెద్దన్నలాగా. "ఆ గొట్టం పగలగొట్టమనడం లేదు. స్తంభం దగ్గర ఆవిరి తగులుతోంది. మెట్ల తలుపు పక్కన ఇంకో మేకుంది, చూశావా?" అంతే అన్నాడు.

మెట్ల తలుపు దగ్గర కిందనుంచి గాలి తగిలేది. పక్కనే నీళ్ళ కుండ. మర్నాడు పొద్దున అందరికంటే ముందొచ్చి థర్మామీటరుని అక్కడికి మార్చేశాను. పగలగొట్టలేదమ్మా. మేకు మార్చాను. అక్క వచ్చి, స్తంభం చూసి, తలుపు చూసింది. "ఆవిరి తగులుతోందని నేనే మార్చానక్కా, ఆ ఆఫీసరు అన్నాడుగా చెల్లదని" అన్నాను. ఆవిడ నా తల మీద చెయ్యి వేసి, "నిజమేనే, నాకు తోచలేదు. మంచి పని చేశావ్. ఇంక ఎవడూ వంక పెట్టలేడు" అంది. అప్పుడు చెప్పొచ్చు కదా. నోరు తెరిచాను కూడా. ఇదిగో చెప్తా, అదిగో చెప్తా అనుకుంటుండగానే పదకొండయింది, పైన రేకులు టక్కుమనడం మొదలైంది.

నాలుగు రోజులు నలభై రెండు, నలభై మూడు మించలేదు. ఒంటికేమో ఇంకోలా ఉంది. "అక్కా, ఇవాళ నిన్నటికంటే ఘోరంగా ఉంది, దిగుదాం" అని ఒకరిద్దరన్నారు. అక్క వెళ్ళి చూసొచ్చింది. "నలభై మూడే. రెండు తక్కువుంది. మనం ఒక్కసారి అబద్ధమాడితే ఇంక మన అంకెని ఎవరూ నమ్మరు" అంది. ఐదోరోజు గాలి కూడా ఆగిపోయింది. రెండున్నరకి వెళ్ళి చూసింది, మూడింటికి చూసింది, నలభై మూడున్నర. గోడ మీద రాస్తోంది. చెయ్యి కిందికి జారి, సుద్దగీత నేలదాకా వచ్చింది. పట్టుకుంటే ఒళ్ళు పెనంలా కాలిపోతోంది, చెమట చుక్క లేదు. "ఫ్రిజ్జు తలుపెయ్యండే, పిల్లల మందులు పాడైపోతాయి, ఎవరు తీశారే తలుపు" అంటోంది. ఆ మాటే, మళ్ళీ మళ్ళీ. నేనూ ఇంకో ముగ్గురూ ఎత్తుకుని మెట్లు దిగాం. తల వైపు నేను పట్టుకున్నా. గోడౌన్లో నేల మీద పడుకోబెట్టి నీళ్ళు పోశాం. బండి వచ్చేసరికి మాట ఆగింది. ఆసుపత్రి దాకా వెళ్ళింది గానీ తిరిగి రాలేదు.

అందరూ ఆసుపత్రికి పరిగెత్తారు. నేను వెళ్ళలేదు. పైకెక్కాను. హాల్లో ఎవరూ లేరు. థర్మామీటరు తీసి మళ్ళీ స్తంభానికి తగిలించాను. కాసేపు అక్కడే నిలబడ్డాను. ఎర్రగీత మెల్లగా పాకుతూ వెళ్ళి నలభై ఏడు దగ్గర ఆగింది. ఆ గీత పాకడం నేనొక్కదాన్నే చూశాను తల్లీ.

రెండ్రోజులకి ఆఫీసరు వచ్చాడు, ఈసారి మూడింటికే. తన థర్మామీటరు పక్కన పెట్టి చూసుకున్నాడు. రెండూ నలభై ఏడు. అప్పుడు వచ్చింది కొత్త ఆర్డరు, రేపటినుంచి నువ్వు చేసే ఉద్యోగం పుట్టింది దాంతోనే. తోటలో కాదు, మనుషులు పనిచేసే చోటే కొలవాలి అని. అది ఆవిడ ప్రాణం తీసుకున్నాక రాసిన కాగితం. కానీ విచారణలో ఆయన ఒక మాట అడిగాడు. "ఇక్కడ నలభై ఏడుంటే ఆవిడ గోడ మీద నలభై మూడున్నర ఎందుకు రాసింది? ఇది ఎప్పుడూ ఇక్కడే ఉండేదా?" అని. ఆయన వెనక మేనేజరున్నాడు. ముప్ఫై తొమ్మిది మందిమి. ఇద్దరు ముగ్గురు నావంక చూసి తల దించుకున్నారు. వాళ్ళకీ ఇళ్ళున్నాయి, పిల్లలున్నారు. ఆయన నన్నే అడిగాడు మళ్ళీ, ముందు వరసలో ఉన్నానని. "ఇక్కడే సార్" అన్నాను. రాసుకున్నాడు. "కొలత చదవడంలో పొరపాటు" అని రాశారట. ఫ్రిజ్జు దగ్గర పదేళ్ళు సంతకం పెట్టిన మనిషికి.

తర్వాత ఓ నెలకి వాళ్ళమ్మాయి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. నీ వయసే ఉంటుంది. నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. "మా అమ్మని మెట్ల మీంచి మోసుకొచ్చింది మీరేనటగా" అంది. "పోయే ముందు నాలుగు రోజులూ ఇంటికొచ్చి మీ గురించే చెప్పింది పిన్నీ. ఆ పిల్లకి బుర్ర ఉందే, నాకు తోచనిది దానికి తోచింది అని" అంది. నేనేం చేశాననుకున్నావ్? అన్నం తిని వెళ్ళమన్నాను. తిని వెళ్ళింది.

ఏంటి, అలా లేస్తున్నావేం? కూర్చోవే. మంచినీళ్ళు నేనే తెచ్చుకుంటాలే, నువ్వు లేవకు.