సముద్రం గట్టు మీద మగ్గం

ఇస్తాంబుల్ చూడడానికి తల్లి ఒంటరిగా వెళ్లి ఇంకా వారం కాలేదు. చండూరులోని నేతింట్లో కూతురు ఫోన్ చెవికి ఆనించుకుంది.

“అమ్మా, తిన్నవా?”

“తిన్న. పాణమే బాగ అలిసింది బిడ్డా. పొద్దటిసంది మిట్టలెక్కుడు, దిగుడే.”

“గా ఊర్ల బస్సులు లేవా?”

“ఉన్నయ్. బస్సెక్కితే ఏం కనవడ్తది? నడుసుకుంటనే చూస్తున్న.”

“బాట తప్పుతలేవు గద?”

“నిన్న తప్పిన. ఎవరో ముసలాయన చేతులతోనే చూపెట్టిండు.”

“జరసేపు యాడన్న కూసోరాదు?”

“కూసున్న. సముద్రం గట్టు మీద కాళ్లు కిందికి ఏలాడేసిన. గంతే, కాళ్లు వాటంతటవే మగ్గం తొక్కవట్టినయ్. పక్కకున్న ఆడమనిషి, నేను చలికి వణుకుతున్ననుకొని తన షాల్ కప్పింది. మంచి నేత.”

“ఏం మనిషివే అమ్మా! కాళ్లు వాసినయా?”

“చెప్పులు పడ్తలేవు.”

“టికెట్ మార్పిస్త, వచ్చెయ్. ఒక్కదానివి, నీకెందుకు గీ కష్టం?”

“వద్దు బిడ్డా. పెండ్లయినకాన్నుంచి మగ్గం గుంటల కూసుండి కూసుండి నొచ్చిన కాళ్లు గివి. నడిచి నొచ్చుడు గిదే మొదలు. జర నొయ్యనియ్యి.”